ఉప్పుతో ఉన్మాదము కుదురునా?

మా కేంద్రమునకు వచ్చు ఉత్తరములలో పాటలు కోరునవి ఎక్కువ, ప్రశ్నలు అడుగునవి తక్కువ. ఆరోగ్య ప్రసంగముల పిమ్మట వచ్చు ప్రశ్నలను మేము డాక్టర్లకు చూపి, వారు చెప్పిన సమాధానములను చదివి వినిపించుట వాడుక. గడచిన వేసవిలో పల్నాటి పల్లె నుండి ఒక తల్లి వ్రాయించిన ఉత్తరమును మాత్రము ఆ కట్టలో చేర్చి ఊరకుండలేకపోయినాము. ఎనిమిదో తరగతి చదువు మనుమరాలు బడి నోటుపుస్తకపు కాగితము మీద వ్రాసిన ఉత్తరమది.

పెద్దకుమారునికి రెండేండ్ల క్రిందట మతి చెదరినదట. నెల దినములు కంటిమీద కునుకు లేదు, నోటికి విరామము లేదు. చెల్లెలి పెండ్లికి దాచిన సొమ్ము తీసి దారిన పోవువారికి పంచిపెట్టినాడు. ఆపిన వారిమీద కలియబడినాడు. ఆసుపత్రిలో చేర్చిరి, మందు ఇచ్చిరి, కుదిరినది. పొలము పనులు మరల తానే చూచుకొనుచున్నాడు. ఇంతవరకు సంతోషమే. పిమ్మట ఆ తల్లి అడిగిన ప్రశ్నలు మూడు. "వాడు మింగు బిళ్ల ఒక విధమైన ఉప్పు అని మందుల దుకాణములో చెప్పినారు. ఉప్పుతో పిచ్చి కుదురునా? మందే ఉప్పు గనుక రెండు వారములుగా కూరలోను మజ్జిగలోను వానికి ఉప్పు మానిపించినాను, మంచిదే గదా? బాగుగా ఉన్నాడు గనుక ఇక మందు మానిపించవచ్చునా?" చివర, ఎవరో గుర్తుచేయగా చేర్చినట్లు, ఒక వాక్యము: "ఈ నాలుగు దినములుగా చేతులు వణకి మజ్జిగ గ్లాసు పట్టుకొనలేకున్నాడు, ఎండదెబ్బ కాబోలు."

మాకు తెలిసిన మానసిక వైద్యునికి ఆ ఉత్తరము చదివి వినిపించినాము. ఆయన చివరి వాక్యము దాకా వినలేదు. "ఫోను నంబరు ఉన్నదా?" అని అడిగినారు. ఉన్నది. ఆ గంటలోనే ఫోను చేసి, ఆ పూట బిళ్ల వేయక, నాడే పెద్దాసుపత్రికి తీసుకొనిపోయి రక్తపరీక్ష చేయించవలసినదని చెప్పినాము. తరువాత జరిగినది చివర మనవి చేసెదము. ఆ మూడు ప్రశ్నలకు సమాధానము మాత్రము ఫోనులో చెప్పదగినంత చిన్నది కాదు. అది ఆస్ట్రేలియాలో ఒక పిచ్చాసుపత్రి వంటింటి కొట్టులో ఆరంభమైన కథ. ఆ కథయే నేటి మా ప్రసంగము.

ఆ ఉప్పు పేరు లిథియము. సరిగా చెప్పవలెనన్న లిథియము ఒక లోహము, లోహములన్నిటిలోను తేలికైనది. బిళ్లలో ఉండునది దాని కార్బనేటు లవణము. 1817 లో స్వీడను దేశమున అర్వెడ్సన్ అను యువ రసాయన శాస్త్రజ్ఞుడు ఉటో దీవిలో దొరికిన ఒక రాతిలో దీనిని కనుగొన్నాడు. రాతిలో దొరికినది గనుక గ్రీకు భాషలో రాయికి గల పేరే దీనికి పెట్టినారు. మన వంటింటి ఉప్పులోని సోడియమునకు ఇది దగ్గరి చుట్టము. ఈ చుట్టరికమును శ్రోతలు గుర్తుంచుకొనవలెను, కథలోని ప్రమాదమంతయు దానిలోనే ఉన్నది. 19వ శతాబ్దిలో కీళ్లలో యూరిక్ ఆమ్లము పేరుకొని బాధించు గౌటు రోగమునకు లిథియమును వాడినారు. 1880 ప్రాంతములలో డెన్మార్కున కార్ల్ లాంగే అను వైద్యుడు మాటిమాటికి వచ్చు మనోవిషాదమునకు కూడ దీనిని ఇచ్చి చూచినాడు. ఆయన వెనుక ఆ మాట మరుగున పడినది. 1929 లో అమెరికాలో బయటికి వచ్చిన సెవెన్ అప్ పానీయములో సైతము మొదట కొంత లిథియము కలిపెడివారు. ఒక వస్తువు నూరేండ్లకు పైగా జనుల చేతులలో తిరుగుచుండియు తన అసలు ప్రయోజనము చెప్పకుండుట వింతయే గాని, వైద్యచరిత్రలో కొత్త కాదు.

ఆ ప్రయోజనమును బయటపెట్టినవారు డాక్టరు జాన్ కేడ్. ఆయన 1912 లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రమున ముర్టోవా అను చిన్న ఊరిలో పుట్టినారు. తండ్రి కూడ వైద్యుడే. మొదటి ప్రపంచ యుద్ధమునకు పోయి అలసి తిరిగి వచ్చి, గ్రామవైద్యము మాని, రాష్ట్రపు మానసిక వైద్యశాఖలో ఉద్యోగమున చేరినాడు. అందువలన కేడ్ బాల్యము ఆసుపత్రుల ఆవరణలలో గడచినది. ఈ సంగతిని జీవితచరిత్రలో ఒక వివరముగా చదివి దాటిపోరాదని మా అభిప్రాయము. తక్కినవారికి పిచ్చాసుపత్రి ఎత్తైన గోడ. గోడకు లోపల ఏమున్నదో ఊహించి భయపడుదురు. ఈ బాలునికి మాత్రము లోపల ఉన్నవారు ఇరుగుపొరుగువారు. తోటలో పని చేయువాడు, పాలు తెచ్చువాడు, నిన్న నవ్వి నేడు మూలన కూర్చుండిన వాడు. ఒకే మనిషి ఋతువు మారినట్లు మారుట ఆయన పసితనముననే చూచియుండవలెను.

మెల్బోర్నులో వైద్యపట్టము పొంది, ఆయన కూడ మానసిక వైద్యముననే ప్రవేశించినారు. రెండవ ప్రపంచ యుద్ధమున సైనిక వైద్యుడుగా సింగపూరునకు పోయినారు. 1942 ఫిబ్రవరిలో ఆ నగరము జపాను వశమైనప్పుడు బందీ అయినారు. యుద్ధము ముగియువరకు, మూడున్నర యేండ్లు, చాంగీ చెరలో గడపినారు. తిండి లేదు, మందులు లేవు. ఒకటి మాత్రము పుష్కలముగా ఉన్నది. అది మనుష్యులను పరిశీలించు అవకాశము. చెరసాలలో మతి చలించిన సైనికులను ఆయనకే అప్పగించెడివారు. మనోవ్యాధికి మూలము దేహములోనే ఎక్కడనో ఉన్నదను నమ్మకము ఆయనకు అక్కడ బలపడినది. దానిని సాధించవలెనను పట్టుదలతో ఇల్లు చేరినారు.

ఆయన తర్కము వినుటకు సులభముగానే ఉండును. కంఠములోని థైరాయిడు గ్రంథి అధికముగా స్రవించిన మనిషి గడబిడగా, చురుకుగా, నిద్రలేక ఉండును. తక్కువ స్రవించిన మందగించి, కుంగిపోవును. ఉన్మాదోద్రేకమునకు, విషాదమునకు కూడ ఇట్టి సంబంధమే ఉండరాదా? ఉన్మాదమున ఏదో ఒక పదార్థము రక్తములో మితిమీరి యుండవలెను, మితిమీరినది మూత్రములో బయటికి రావలెను. సరే, మూత్రమును పరీక్షింతము. ఇదియే ఆయన ఊహ. ఇది నిలువలేదని ఇప్పుడే చెప్పివేయుట మంచిది. అట్టి పదార్థము ఏదియు దొరకలేదు. ఊహ తప్పు, దారి మాత్రము సరియైన చోటికే పోయినది.

1946 నుండి ఆయన పనిచేసినది మెల్బోర్ను పొలిమేరలో బండూరా అనుచోట, యుద్ధమునుండి తిరిగివచ్చిన సైనికులకై ఏర్పరచిన మానసిక ఆసుపత్రి. అక్కడ పరిశోధనశాల లేదు. వాడుక మానిన వంటింటి కొట్టు ఒకటి ఉన్నది. అందులో ఒక బల్ల, కొన్ని సీసాలు, పనికి కావలసిన సామాను. గినీపందులు కొన్ని. ఆయన కుటుంబము ఆవరణలోనే నివసించెడిది. రోగుల మూత్రపు సీసాలను ఇంటి రెఫ్రిజిరేటరులో, పిల్లల పాలకు వెన్నకు పక్కన పెట్టెడివారట. ఆ ఇల్లాలు స్వయముగా నర్సుగా పనిచేసినది గనుక సహించియుండునని మా తలంపు. మన ఇండ్లలో అయినచో సీసాలతోపాటు శాస్త్రజ్ఞుడును వీధిలో ఉండెడివాడు.

ఆ మూత్రమును గినీపందులకు సూదితో ఎక్కించినారు. అందరి మూత్రమును ఆ జంతువులకు విషమే అయినది. ఉన్మాద రోగులలో కొందరి మూత్రము మరింత తీవ్రమైన విషముగా కనబడినది. చంపునది యూరియా అని తేలినది గాని, దాని తీవ్రతను పెంచునది యూరిక్ ఆమ్లమేమో అను అనుమానము మిగిలినది. ఆ ఆమ్లము నీటిలో సరిగా కరగదు. దాని లవణములలో మిక్కిలి సులభముగా కరగునది లిథియము యూరేటు. కరగుట సులభమను ఒక్క కారణముననే లిథియము ఆ కొట్టులో అడుగు పెట్టినది. చూడగా విషము పెరుగుటకు మారు తగ్గినది. అయితే కాపాడినది యూరేటా, లిథియమా? ఉత్త లిథియము కార్బనేటు ద్రావణము ఎక్కించి చూచినారు. రెండు గంటలు గడచుసరికి, ముట్టుకొనిన ఎగిరిపడు గినీపందులు నెమ్మదించినవి. వెల్లకిల పరుండబెట్టినను పెనుగులాడక, ప్రశాంతముగా పైకి చూచుచు ఊరకున్నవి. నిద్రపోలేదు, మెలకువగానే ఉన్నవి.

నేటి శాస్త్రజ్ఞులలో పలువురు ఆ జంతువుల నెమ్మది లిథియపు విషము తలకెక్కుట వలననే కలిగియుండునని అందురు. కావచ్చును. కేడ్ మాత్రము ఆ దృశ్యము చూచి ఉద్రేకముతో ఊగిపోవు తన రోగులను తలచుకొన్నారు. మొదట తానే ఆ లవణమును కొంతకాలము మింగి చూచుకొన్నారు. ప్రమాదము కలుగలేదు. పిమ్మట రోగులకు ఇచ్చుటకు నిశ్చయించినారు. నేటి నియమముల ప్రకారము ఇట్టి ప్రయోగమునకు ఏ సంఘమును అనుమతి ఇయ్యదు, ఇయ్యకుండుటయే సరి. ఆనాడు అడుగువారు లేరు.

మొదటి రోగి 51 ఏండ్లవాడు. అయిదేండ్లుగా ఉద్రేకము తగ్గనే లేదు. పగలు రాత్రి ఒకటే అలజడి. శుభ్రత లేదు, వస్తువులు పగులగొట్టును, పక్కవారి జోలికి పోవును. వార్డులో అందరికంటె కష్టపెట్టిన మనిషి, జీవితాంతము ఆ వార్డులోనే ఉండునని అందరు అనుకొన్నవాడు. 1948 మార్చి 29వ తేదీన అతనికి లిథియము సిట్రేటు ఇరువది గ్రెయిన్ల చొప్పున దినమునకు మూడుసార్లు ఇయ్య నారంభించినారు. నాల్గవనాడు కొంత మార్పు ఉన్నట్లు కేడునకు తోచినది. ఆశపడి చూచుచున్నాను గనుక అట్లు తోచినదేమో అని సందేహము. అయిదవనాడు సందేహము లేదు. మూడు వారములకు అతనిని కోలుకొనువారి వార్డుకు మార్చినారు. అయిదేండ్లు లోపల ఉన్నవానికి బయటి నడవడి మరల అలవాటు కావలెను. అందుకై రెండు నెలలు ఉంచుకొని, జులై మాసమున ఇంటికి పంపినారు. దినమునకు రెండు పూటల చిన్న మోతాదు మానవద్దని చెప్పినారు. అతడు పాత ఉద్యోగమున చేరినాడు.

మరుసటి జనవరిలో అతడు తిరిగి వచ్చినాడు. వెనుకటి వలెనే అలజడి. విచారింపగా, బాగుగా ఉన్నాను గదా అని మందు విషయమున అశ్రద్ధ చేసి, కొన్ని వారములుగా పూర్తిగా మానివేసినాడట. పల్నాటి తల్లి అడిగిన మూడవ ప్రశ్నకు మొట్టమొదటి రోగియే సమాధానము చెప్పినాడు. మరల లిథియము ఇచ్చినారు, మరల కుదిరినాడు.

1949 సెప్టెంబరు 3వ తేదీన ఆస్ట్రేలియా వైద్యపత్రికలో కేడ్ వ్యాసము వెలువడినది. చిన్న వ్యాసము. ఉన్మాదోద్రేకము గలవారు పదిమంది, అందరికి గుణము కనబడినది. స్కిజోఫ్రీనియా గలవారు ఆరుగురు. వారిలో గడబిడ తగ్గినది గాని రోగము మారలేదు. విషాదముతో కుంగినవారు ముగ్గురు, వారికి ఏమియు తేడా లేదు. ఈ చివరి రెండు మాటలలోనే వ్యాసపు విలువ ఉన్నదని మేమందుము. మత్తుమందు ఎవరినైనను పడుకొనబెట్టును. ఇది అట్లు కాదు. ఒక రోగమును ఎన్నుకొని దానినే తాకినది. మనోవ్యాధులన్నియు ఒకటే పిచ్చి కావని, వేరువేరు రోగములని, దేహములో వేరువేరు తాళములు కలవని దీనివలన బలముగా తోచినది.

కాని కాలము కలిసిరాలేదు. అదే సంవత్సరము ఆరంభమున అమెరికాలో ఒక ఘోరము జరిగినది. గుండెజబ్బు గలవారికి వైద్యులు ఉప్పు మానిపించుదురు గదా. చప్పిడి కూడు తినలేని అట్టివారికై ఉప్పునకు బదులు లిథియము క్లోరైడును అంగళ్లలో అమ్మినారు. రుచికి ఉప్పువలెనే ఉండును. జనులు కొలత లేక అన్నముమీద చల్లుకొన్నారు. చేతులు వణకినవి, చూపు చెదరినది, కొందరు ప్రాణములు విడిచినారు. ప్రభుత్వము వెంటనే దానిని అంగళ్లనుండి తీయించినది.

దీని కారణము వినదగినది. మన మూత్రపిండములు సోడియమును, లిథియమును ఇంచుమించు ఒకే విధముగా చూచును. ఒంటిలో ఉప్పు తగ్గినప్పుడు, పోనిచ్చిన ప్రాణమునకు ముప్పని, ఉన్న సోడియమును గట్టిగా వెనుకకు లాగుకొనును. ఆ లాగుటలో దగ్గరి చుట్టమైన లిథియము కూడ వెనుకకు వచ్చి రక్తములో పేరుకొనును. ఉప్పు మానినవానికి లిథియము ఇచ్చుట, తూము మూసి చెరువునకు నీరు వదలుటయే. పల్నాటి తల్లి ప్రేమతో చేసిన పని ఇదే. కొడుకునకు ఎక్కువైన ఉప్పును తగ్గించుచున్నాననుకొని, తూము మూసినది. పైగా మే నెల ఎండలో చెమట పట్టి, పొలములో నీరు చాలక, ఉన్న ఉప్పు సైతము పోయినది.

బండూరాలో అప్పటికి రక్తములోని లిథియమును కొలుచుట లేదు. చూపు, చేయి, రోగి చెప్పిన మాట, ఇవియే కొలతలు. మొదటి రోగికి మందు ఇచ్చిన వాంతులు, వణకు. ఆపిన ఉన్మాదము. ఇచ్చుచు, ఆపుచు, మరల ఇచ్చుచు కొంతకాలము నడచినది. 1950 మే నెలలో మూర్ఛలు వచ్చి, తెలివి తప్పి, అతడు మరణించినాడు. లిథియపు విషమే కారణమని తేలినది. అయిదేండ్ల చీకటినుండి ఒకనిని ఇంటికి చేర్చిన మందే అతనిని చంపినది. ఇచ్చిన చేయి కూడ ఒకటే.

శాస్త్రచరిత్రలు వ్రాయువారు ఈ ఘట్టమును ఒక్క వాక్యముతో దాటింతురు, కొందరు అదియు వ్రాయరు. మేము కొంతసేపు ఇక్కడ నిలువదలచినాము. కేడ్ నేరస్థుడని మేమనము. ఆయనకు తెలిసినంతవరకు రెండు వైపుల అపాయమును తూచినారు. అయితే ఆయన కనుగొన్నది ఇంకను మందు కాలేదని ఆ మరణము చెప్పినది. వ్యాధిని తగ్గించు పదార్థము ఒకటి దొరికినది, అంతే. ఎంత ఇయ్యవలెను, ఎప్పుడు ఆపవలెను, ఇచ్చిన తరువాత మనిషిని ఎట్లు కనిపెట్టియుండవలెను అను జ్ఞానము లేనంతవరకు అది రాతిలోని లోహమే. కేడ్ స్వయముగా కొంతకాలము దాని వాడుక మానుకొన్నారు.

ఆ జ్ఞానము ఒక మంటనుండి వచ్చినది. లిథియమును మంటలో వేసిన కెంపువంటి ఎరుపు రంగు పుట్టును. ఆ ఎరుపు ఎంత గాఢముగా ఉన్నదో కొలుచు యంత్రముతో రక్తములో లిథియము ఎంత ఉన్నదో లెక్క కట్టవచ్చును. మెల్బోర్ను విశ్వవిద్యాలయపు శరీరధర్మశాస్త్ర విభాగమున ఎడ్వర్డ్ ట్రౌట్నర్ ఈ పని చేపట్టినారు. 1951 లో ఆయన, చార్లెస్ నోవాక్ అను మానసిక వైద్యుడు కలసి నూరుమందికి పైగా రోగుల అనుభవమును ప్రకటించినారు. కనిపెట్టి ఇచ్చినచో ఈ మందు ఇయ్యదగినదే అని దాని సారాంశము. కేడ్ పేరు లోకమునకు తెలిసినంతగా ట్రౌట్నర్ పేరు తెలియదు. తెలియవలెనని మా కోరిక. ఒకరు తలుపు తెరచినారు, మరియొకరు లోపల దీపము పెట్టినారు.

ఇక డెన్మార్కు. ఆర్హుస్ నగరపు సమీపమున రిస్కోవ్ ఆసుపత్రిలో మోగెన్స్ షౌ అను పరిశోధకుడు ఉండెడివారు. ఆయన తమ్ముడు ఏటేట విషాదముతో మంచము పట్టెడివాడు. షౌ తన సహచరులతో 38 మంది ఉన్మాద రోగులమీద పరీక్ష జరిపి 1954 లో ప్రకటించినారు. కొందరికి మందు, కొందరికి మందువలె కనబడు ఉత్త బిళ్ల. ఎవరికేది అనునది నాణెము ఎగురవేసి నిర్ణయించినారు. కేడ్ చూచినది భ్రమ కాదని తేలినది.

అంతకంటె పెద్ద సంగతి బాస్త్రుప్ అను వైద్యుని కంటబడినది. కుదిరిన పిమ్మట మందు ఆపవలెనని ఆయన రోగులకు చెప్పి పంపినారు. తరువాత విచారింపగా కొందరు ఆపలేదు. వైద్యుని మాట పెడచెవిని పెట్టి మింగుచునే ఉన్నారు. అడుగగా, ఇది మింగుచున్నంతకాలము రోగము మరల రాలేదని సమాధానము! బండూరా రోగి మానవద్దన్న మందు మానినాడు, బాస్త్రుప్ రోగులు మానుమన్న మందు మానలేదు. ఇద్దరి వలనను వైద్యశాస్త్రము ఒకటే నేర్చుకొన్నది. ఈ మందు వచ్చిన రోగమును తగ్గించుటయే గాక, రాబోవు రోగమును ఆపును. బాస్త్రుప్, షౌ 1967 లో 88 మంది రోగుల వృత్తాంతము ప్రకటించినారు. లండనులోని కొందరు పెద్దలు నమ్మలేదు, అపహసించినారు. నమ్మించవలెనన్న, బాగుగా ఉన్నవారిలో సగముమందికి వారికి తెలియకుండ మందు తీసివేసి చూడవలెను. నీతి దృష్ట్యా షౌ మొదట వెనుకాడినారు. చివరకు చేసినారు. 1970 లో ఫలితము వెలువడినది. ఉత్త బిళ్ల మింగిన 39 మందిలో 21 మందికి రోగము తిరుగబెట్టినది. లిథియము మింగిన 45 మందిలో ఒక్కరికి లేదు. ఆ యేడే అమెరికా కూడ దీనిని అంగీకరించినది. కేడ్ వ్యాసమునుండి అప్పటికి ఇరువదియొక్క యేండ్లు. ఆలస్యమునకు ఒక కారణము భయము. మరొకటి, ఇది ప్రకృతిలో దొరకు సామాన్య లవణము గనుక ఏ కంపెనీయు దీనికి పేటెంటు పొందలేదు, పొందనిదానిని గూర్చి ప్రచారము చేయలేదు. షౌ తమ్ముని విషాదము మాత్రము లిథియముతో నిలిచిపోయినది.

ఈలోగా కేడ్ ఏమి చేయుచున్నారు? 1952 లో మెల్బోర్నులోని రాయల్ పార్కు మానసిక ఆసుపత్రికి సూపరింటెండెంటు అయినారు. ఇరువదియైదేండ్లు అక్కడనే ఉన్నారు. ఆయనకు కీర్తి తెచ్చినది ఆ వంటింటి కొట్టు. మా దృష్టిలో ఆయన ఇక్కడ చేసిన పని దానికి తీసిపోదు. 1954 లో బ్రిటనుకు పోయి ఆరు నెలలు అక్కడి ఆసుపత్రులు చూచి వచ్చినారు. అప్పటి పిచ్చాసుపత్రులలో వైద్యుడు అధికారి, రోగి ఖైదీ. కేడ్ ఆ తీరు మార్చి, పేరు పెట్టి పిలుచుట, కూర్చుండి మాటలాడుట, రోగులను గుంపుగా చేర్చి ఒకరి కష్టము ఒకరు వినునట్లు చేయుట ప్రవేశపెట్టినారు. మద్యపానముతో చెడినవారు స్వయముగా వచ్చి చేరుటకు వీలుండవలెనని వాదించినారు. వారికి థయమిన్ అను విటమిను పెద్ద మోతాదులో ఇయ్యవలెనని చెప్పినారు. రసాయనమును నమ్మినవాడు మాటను చులకన చేయునని సాధారణముగా అనుకొందుము. మొదటి రోగిని పోగొట్టుకొనిన వైద్యునికి ఆ రెండును ఒకదానినొకటి విడచి ఉండజాలవని తెలిసియుండును. 1974 లో కేడునకు, షౌకు కలిపి కిట్టే అంతర్జాతీయ బహుమానము ఇచ్చినారు. 1980 నవంబరులో కేడ్ మరణించినారు.

ఇప్పుడు మన దేశమున లిథియము అత్యవసర ఔషధముల జాబితాలో ఉన్నది. ఖరీదు తక్కువ. రక్తములో లీటరునకు 0.6 నుండి 1 మిల్లీమోలు వరకు ఉండుట సాధారణముగా మేలు చేయు కొలత. ఒకటిన్నర దాటిన విషలక్షణములు కనబడును. మేలునకు కీడునకు నడుమ ఉన్న ఎడము ఇంతే గనుక, చివరి బిళ్ల మింగిన పండ్రెండు గంటలకు రక్తము తీసి కొలుచుదురు. థైరాయిడును, మూత్రపిండములను కూడ అప్పుడప్పుడు పరీక్షింతురు. వాంతులు, విరేచనములు, మాట తడబడుట, నడక తూలుట, చేతివణకు హెచ్చగుట కనబడిన వెంటనే వైద్యుని చూడవలెను. మోకాలినొప్పికని దుకాణములో కొని మింగు ఐబుప్రొఫెన్ వంటి బిళ్లలు కూడ లిథియమును రక్తములో పెంచును. బిడ్డను కోరు స్త్రీలు ముందుగానే వైద్యునితో మాటలాడవలెను. ఉప్పు ఎప్పుడును తినునంతే తినవలెను, హఠాత్తుగా తగ్గించరాదు, పెంచరాదు. ఎండలో నీరు తరచు త్రాగవలెను. ఎవరిని అడుగవలెనో తోచనివారు ప్రభుత్వము 2022 లో నెలకొల్పిన టెలి మానస్ సేవకు 14416 నంబరుకు ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును.

పల్నాటి తల్లి రెండవ ఉత్తరము జులై నెలలో వచ్చినది. అదే మనుమరాలి దస్తూరి. ఆ సాయంకాలమే కొడుకును గుంటూరు తీసుకొనిపోయినారట. రక్తములో మందు ఉండవలసిన దానికంటె ఎక్కువ ఉన్నదట. మూడు దినములు ఆసుపత్రిలో ఉంచి, నీరు ఎక్కించి, మోతాదు సరిచేసి పంపినారు. వణకు తగ్గినది. మందు మానవచ్చునా అను ప్రశ్నను ఆమె ఈసారి మమ్ములను గాక డాక్టరుగారినే అడిగినది. ఇప్పుడు కాదు, మానవలసి వచ్చినచో నేను చెప్పి మెల్లగా మానిపింతును అని ఆయన అన్నారట. రక్తపరీక్ష తేదీలకు మనుమరాలు గోడ క్యాలెండరులో ఎర్ర సిరాతో గుండ్రము చుట్టుచున్నది. గోంగూర పచ్చడిలో మరల ఉప్పు పడుచున్నదని, కొడుకు రెండు ముద్దలు ఎక్కువ తినుచున్నాడని చివర వ్రాయించినది.